మ్యాచా, ప్రాక్టీసా

పక్క ఊరు ఇక్సాన్ నుంచి ఫుట్‌బాల్ జట్టు రావడం లేదని తెల్లవారుతూనే ఫోనొచ్చింది. వాళ్లలో సగం మందికి జ్వరాలట. అప్పటికే జొంజు ఏటిగట్టు మైదానంలో, మంచు పట్టిన గడ్డి మీద, ఆడవాళ్లంతా బూట్లు బిగించుకుని చేతులు రుద్దుకుంటున్నారు.

"తొడుక్కున్న బూట్లు ఊరికే విప్పుతామా ఏంటి? మనలో మనమే ఆడుకుందాం," అంది బొంగ్‌సిమ్. జట్టు కెప్టెన్ ఆవిడే. అరవై దాటినా బజార్లో బియ్యప్పిండి మిఠాయిల కొట్టు నడుపుతుంది. ఆదివారం వస్తే చాలు, ఇంటింటికీ ఫోన్ చేసి అందర్నీ మైదానానికి తోలుకొస్తుంది. సగం మంది మీదికి పసుపు చొక్కాలు విసిరి, విజిల్ ఊదింది.

హేరాన్ గోల్‌లో నిలబడి తొడుగులు వేసుకున్న చేతుల్ని ఒకదానికొకటి చరుచుకుంది. వారం రోజుల్లో ఆమెకి ఇష్టమైన ఘడియ ఇదే. మిగతా రోజుల్లో ఆమె జిల్లా క్రీడా సహాయ సంఘంలో ఉద్యోగి. సరదాకి ఆడుకునేవాళ్లు దెబ్బలు తగిలించుకుంటే ఆదుకునే బీమా పథకం ఎలా ఉండాలో రాసేది ఆమే. మైదానంలో ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఇక్కడ ఆమె పొడుగు చేతుల గోల్‌కీపర్, అంతే.

ఆమె ముందు గుమోక్ నిలబడింది. యాభై దాటిన మనిషి, పొట్టి, గట్టి భుజాలు. ఊళ్లో పెద్ద స్నానశాలలో ఒళ్లు రుద్దే పని ఆమెది. పొద్దుటినించి సాయంత్రం దాకా వేడి ఆవిరిలో, బల్ల మీద పడుకున్న ఆడవాళ్ల వీపులు గరుకు గుడ్డతో రుద్దుతుంది. ఆ చేతుల్తో ఎవరినైనా తోసిందంటే వాళ్లు రెండడుగులు వెనక్కి పోవాల్సిందే.

మూల నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. హేరాన్ గీత వదిలి ముందుకు ఉరికింది. బయటికొచ్చే గోల్‌కీపర్ "నాది" అని అరవాలి. అరిస్తే ముందున్నవాళ్లు తప్పుకుంటారు. హేరాన్ నోరు తెరిచింది గానీ కళ్లు బంతి మీదే ఉన్నాయి. గుమోక్ తనని చూసే ఉంటుందనుకుంది. గుమోక్ కూడా బంతినే చూస్తూ వెనక్కి వెనక్కి వచ్చింది. హేరాన్ మోకాలు ఆమె నడుముకి తగిలింది. ఇద్దరూ కలిసి పడ్డారు. గుమోక్ కుడి చెయ్యి నేలకి ఆనింది, దాని మీద హేరాన్ బరువంతా పడింది.

విరిగిన చప్పుడు హేరాన్‌కి వినపడింది. గుమోక్ అరవలేదు. కూర్చుని, వంకర తిరిగిన మణికట్టుని పక్కింటివాళ్ల సామానేదో చూసినట్టు చూసింది.

"ఇదేంటే, ఇటు తిరిగింది?"

అందరూ చుట్టూ మూగారు. బొంగ్‌సిమ్ తన మఫ్లర్ తీసి ఆ చేతికి చుట్టి, మెడకి వేలాడదీసింది.

"ఏం భయపడకే గుమోక్. మనకి బీమా ఉంది. దాన్ని తయారుచేసిన మహాతల్లి మన గోల్‌లోనే ఉంది! అవునా కాదా హేరాన్?"

నవ్వకూడని చోట కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు. హేరాన్ చేతి తొడుగులు విప్పుతూ తల వంచుకుంది. ముందుగా తెలియజేసిన మ్యాచ్‌లో, రెండు నమోదైన జట్ల మధ్య ఆటలో తగిలిన దెబ్బలకే సహాయం. ప్రాక్టీసుకి లేదు. ఆ వాక్యం ఆమెకి కామాలతో సహా గుర్తుంది. ఇక్సాన్ వాళ్లు రాలేదు కాబట్టి ఇవాళ జరిగింది ప్రాక్టీసు.

ఆమె ఆ మాట చెప్పలేదు. "కారు తెస్తాను," అని మాత్రం అంది.

*

ఎముక రెండు చోట్ల విరిగిందని, ఆపరేషన్ చేసి లోపల లోహపు రేకు వెయ్యాలని ఆస్పత్రిలో చెప్పారు. కౌంటర్‌లో అమ్మాయి గుమోక్ పేరు కొట్టి చూసి, ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చాలా మటుకు సరిపోతుందని, కట్టాల్సింది కొద్దిగానే ఉంటుందని చెప్పింది. హేరాన్‌కి ఊపిరాడింది. ఇది ఇలాగే ఉండాలి, ఇలాగే ఉంటుందనే కదా తను రాసింది, అనుకుంది.

"ఎన్నాళ్లకి పని చేసుకోవచ్చు డాక్టరు గారూ?" అడిగింది గుమోక్.

"మీరేం పని చేస్తారు?"

"స్నానశాలలో ఒళ్లు రుద్దుతాను."

డాక్టరు ఎక్స్‌రే నుంచి మొహం తిప్పి ఆమె చేతుల్ని చూశాడు. "కట్టు ఉన్నంతకాలం తడి తగలకూడదు. ఆ తర్వాత కూడా బరువు పెట్టి నొక్కడం అంటే... వసంతం దాకా ఆగాలి."

"తడి తగలకూడదా? నా ఉద్యోగమే తడి కదయ్యా!"

నర్సు నవ్వింది. గుమోక్ కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, గోడ వైపు చూస్తూ, "చలికాలమే మాకు గిరాకీ. ఎండాకాలం ఎవరొస్తారు ఒళ్లు రుద్దించుకోడానికి," అంది ఎవరితోనో అన్నట్టు. "ఓనరమ్మ నా బల్ల ఇంకొకదానికి ఇచ్చేస్తుంది. ఇవ్వకేం చేస్తుంది? జనం వచ్చి నిలబడతారు."

హేరాన్ ఆమె సాక్సులు విప్పుతోంది. ఎడమ కాలిది వచ్చింది. కుడి కాలిది తడిసి అతుక్కుపోయింది. మెల్లగా లాగుతూ కూర్చుంది.

"నీ బీమా వాళ్లు ఇలాంటిదానికి ఇస్తారుగా? పనికి పోని రోజులకి?"

"ఇస్తారక్కా," అంది హేరాన్. పథకంలో అది ఉంది. అబద్ధం కాదు. సాక్సు ఊడి చేతిలోకి వచ్చింది.

*

సోమవారం మధ్యాహ్నం ఆఫీసు పక్క వీధిలో, మొలకల పులుసు అన్నం హోటల్లో, హేరాన్ తన పై అధికారి గుక్ ఎదురుగా కూర్చుంది. గుక్ బ్యాడ్మింటన్ ఆడతాడు. మంచివాడే. పొగలు కక్కే గిన్నెలో గుడ్డు కొట్టి వేసి, చెంచాతో ముంచుతున్నాడు.

"సార్, ప్రాక్టీసులో దెబ్బ తగిలితే మనం ఇవ్వం కదా."

"ఇవ్వం."

"ఎందుకివ్వం?"

గుక్ చెంచా ఆపి ఆమె వైపు చూశాడు. "నన్నడుగుతావేంటి? ఆ గీత గీసింది నువ్వు."

హేరాన్ చెంచా గిన్నె పక్కన పెట్టేసింది.

"మర్చిపోయావా? నేను చందా పెంచుదామన్నాను. నువ్వు పట్టుబట్టి కూర్చున్నావు. ప్రాక్టీసు కూడా కలిపితే చందా రెట్టింపవుతుంది, పల్లెల్లో చిన్న జట్లు వెళ్లిపోతాయి అన్నావు. పైగా, వైద్యం ఎలాగూ ప్రభుత్వ బీమా చూసుకుంటుంది, ఎవరూ రోడ్డున పడరు అన్నావు. బోర్డు ముందు నేను ఆ మాటే అప్పజెప్పాను. చప్పట్లు కొట్టారు." అతను ముల్లంగి ముక్క కొరికాడు. "ఏం, ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"ఊరికే అడిగాను సార్."

"ఊరికే అడిగితే ఊరికే తిను. చల్లారిపోతోంది."

హేరాన్ గిన్నెలోకి చూసింది. ఆ రోజు తను చాలా సంతోషంగా ఉంది. చిన్న జట్లని కాపాడానని పొంగిపోయింది. ఆ గీత రాసేటప్పుడు ఆమె కళ్ల ముందు మనిషెవరూ లేరు. అంకెలున్నాయి. పైన ఒక అంకె, కింద ఒక అంకె, మధ్యలో గీత.

సాయంత్రం బొంగ్‌సిమ్ ఫోన్ చేసింది. వెనక పిండి దంచే యంత్రం చప్పుడు. ఆవిడ దాని మీద గొంతు పెట్టి అరుస్తోంది.

"ఏమేవ్! మన కార్యదర్శి పిల్ల నీ పథకమంతా చదివింది. ప్రాక్టీసుకి రాదట కదే!"

"అవునక్కా."

"అవునక్కా, అంటున్నావా? ఏ వెధవ రాశాడే ఆ ముక్క?"

హేరాన్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోపే బొంగ్‌సిమ్ అందుకుంది.

"సర్లే, విను. ఇక్సాన్‌తో మ్యాచ్ అని గురువారమే మీ ఆఫీసుకి తెలియజేశాం. రద్దయిందని ఎవరమూ చెప్పలేదు. కాబట్టి మ్యాచ్ జరిగింది. ఇక్సాన్ కెప్టెన్‌తో మాట్లాడాను, వచ్చామనే చెప్తానంది. అందరం ఒక్క మాట మీదున్నాం. నువ్వేం చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు."

"అక్కా, అది..."

"ఏది? బంతి వేరేదా? ఎముక వేరేదా? మ్యాచ్‌లో విరిగితే నొప్పి, ప్రాక్టీసులో విరిగితే చక్కిలిగింతా? పెట్టేస్తున్నా, పిండి పొంగుతోంది."

*

మంగళవారం ఆపరేషన్ అయింది. సాయంత్రం హేరాన్ వెళ్లేసరికి గుమోక్ మంచం మీద ఎడమ చేత్తో కమలాపండు వొలవడానికి తంటాలు పడుతోంది. హేరాన్ దాన్ని తీసుకుని వొలిచి, తొనలు విడదీసి, పీచు లాగి ఆమె చేతిలో పెట్టింది.

"నీ మొహమేంటే అలా ఉంది? ఆపరేషన్ నీకా నాకా?"

"అక్కా, నేను... ఆ రోజు..."

"ఆపు. పొద్దున బొంగ్‌సిమ్ కూడా అదే ఏడుపు. నువ్వు తిండి తినట్లేదట." గుమోక్ తొన నోట్లో వేసుకుంది. "నువ్వు 'నాది' అని అరిచావు. నేనే తప్పుకోలేదు. స్నానశాలలో ఉండీ ఉండీ నాకు చెవులు మందగించాయి. అక్కడ నీళ్ల హోరులో ఎవరేం అన్నా వినపడదు. తప్పు నాది. దీన్ని గుండెల్లో పెట్టుకుని తిరక్కు."

హేరాన్ చేతుల్లో కమలా తొక్క ఉంది. దాన్ని మడిచింది. మళ్లీ మడిచింది. పక్క మంచం మీద ముసలావిడ టీవీ గొంతు పెంచింది. నేను అరవలేదు అని చెప్పడానికి అదే సమయం. గుమోక్ ఇంకో తొన ఆమె నోటికి అందించింది. హేరాన్ నోరు తెరిచి తినేసింది.

మర్నాడు ఆఫీసులో కాఫీ యంత్రం దగ్గర గిహ్వాన్ ఎదురయ్యాడు. సహాయం అడిగినవాళ్ల మాట నిజమో కాదో కనుక్కునే ఉద్యోగం అతనిది. జిల్లాలో అన్ని జట్ల కెప్టెన్లకీ అతని గొంతు తెలుసు.

"హేరాన్ గారూ, మీ జట్టుదే వచ్చింది. మణికట్టు. మీరే గోల్‌లో ఉన్నారటగా?"

"ఆఁ."

"మ్యాచే కదండీ?"

అతను అడుగుతూ ఆమె వైపు చూడటం లేదు. కప్పు యంత్రం కింద సరిచేస్తున్నాడు. జవాబు వినాలనుకునే మనిషి అడిగే తీరు కాదది. జవాబు ముందే ఇచ్చేసి, ఒప్పుకోమని అడగడం.

హేరాన్ తలూపింది.

"సరే," అని అతను కప్పు తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె అక్కడే నిలబడి యంత్రం మీద బొత్తాలు చూస్తూ ఉండిపోయింది. తను కాఫీ కోసమే వచ్చినట్టు కాసేపటికి గానీ గుర్తు రాలేదు.

*

శుక్రవారం బోర్డు సమావేశం. వచ్చే ఏడాది పథకంలో ఏం మార్చాలో తేల్చేది అక్కడే. గురువారం పొద్దున గుక్ ఆమెని పిలిచి, తెర మీద ఈ ఏడాది దెబ్బల పట్టిక చూపించాడు.

"చూడు, నీ గీత ఎంత బాగా పనిచేసిందో! మ్యాచ్ దెబ్బలు మనం అనుకున్నదానికంటే బాగా ఎక్కువ. ప్రాక్టీసు గడి చూడు, సున్నా. నువ్వు అక్కర్లేదన్నది నిజంగానే అక్కర్లేదు. ఇప్పుడు చెయ్యాల్సిందల్లా మ్యాచ్ సహాయం కొంచెం తగ్గించడం. మ్యాచ్‌లు మరీ ప్రమాదంగా ఉన్నాయి."

హేరాన్ ఆ సున్నా వైపు చూసింది. జిల్లాలో ఇన్ని జట్లు, ఇన్ని ఆటలు. వారమంతా ప్రాక్టీసు చేసి ఎప్పుడో ఒక ఆదివారం మ్యాచ్ ఆడతారు. ఏడాది పొడవునా ప్రాక్టీసులో ఒక్క చీలమండ మడతపడలేదు, ఒక్క వేలు బెణకలేదు.

ఆమె గిహ్వాన్ బల్ల దగ్గరికి వెళ్లింది. "వీళ్లందరూ మ్యాచ్‌లోనే దెబ్బలు తగిలించుకున్నారా?"

గిహ్వాన్ చుట్టూ చూశాడు. "ఏం చెయ్యమంటారు? 'మ్యాచే కదండీ' అంటాను. అవునంటారు. ఇంకోలా అడిగితే ఇంకోలా చెప్తారేమో. వాళ్లింట్లో కూడా అన్నం వండుకోవాలి కదా."

"ఎవరూ కాదనలేదా?"

"ఒక్కాయన. ఇమ్‌సిల్ వైపు పల్లె. టేబుల్ టెన్నిస్. మడమ వెనక నరం తెగింది. 'కాదు బాబూ, ఊరికే కొట్టుకుంటున్నాం' అన్నాడు. కాదని మొహమ్మీదే చెప్పాక నేనేం చెయ్యను? తిప్పి పంపేశాం."

"మరి ఆయన ఈ గడిలో లేడేం?"

"ఇచ్చినవాళ్లని కదా లెక్కేసేది."

సాయంత్రం హేరాన్ గుమోక్ ఇంటికి వెళ్లింది. ఆస్పత్రి నుంచి వచ్చేసిన గుమోక్, కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని, పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. ముందు క్యాబేజీల గుట్ట. చలికాలానికి కిమ్చీ, అంటే క్యాబేజీ ఊరగాయ, పెట్టుకునే రోజులు. ఆపరేషన్‌కి ముందే కొనేసిందట.

"వచ్చావా, బంగారుతల్లీ! చేతులు కడుక్కో. చలి ముదిరితే ఇవి చస్తాయి."

హేరాన్ చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుంది. క్యాబేజీలు నిలువునా చీల్చింది. ఉప్పు నీళ్లలో ముంచి తీసి, ఆకు ఆకు ఎత్తి, మందంగా తెల్లగా ఉన్న మొదళ్లలో ఉప్పు చల్లడం మొదలుపెట్టింది.

"అక్కడ కాదు, ఇంకా లోపల. ఆకుకి కాదే, కాడకి."

కాడలకి చల్లింది. నీళ్లు చల్లగా కోస్తున్నాయి. చూపు క్యాబేజీ మీద నుంచి ఎత్తకుండా చెప్పింది.

"అక్కా, నేను అరవలేదు."

"ఆఁ?"

"ఆ రోజు. 'నాది' అని అరవలేదు. నువ్వు నన్ను చూశావనుకున్నా."

హేరాన్ ఆగలేదు. ప్రాక్టీసుకి సహాయం లేదని రాసింది తనేనని, గిహ్వాన్ అడిగితే మ్యాచేనని తలూపానని చెప్పింది. అలా ఎన్ని తలలు ఊగితే ఆ సున్నా వచ్చిందో, ఆ సున్నా చూపించి రేపు ఏం చెయ్యబోతున్నారో, ఇమ్‌సిల్‌లో ఒకాయన నిజం చెప్పి ఎలా పోగొట్టుకున్నాడో, అంతా చెప్పింది. రేపు సమావేశంలో నిజం చెప్పాలనుందని చివర్న అంది.

గుమోక్ చాలాసేపు కట్టు చివర్న బయటికున్న తన వేళ్లనే చూసుకుంది. అవి వాచి ఉన్నాయి.

"మంగళవారం నుంచీ నాకు చెవుడొచ్చిందనుకుంటున్నానే," అంది ఆఖరికి. "ఇవాళ పొద్దున పక్కింటి పిల్లని తలుపవతల నిలబెట్టి మాట్లాడమని పరీక్ష చేసుకున్నా. అది వినపడుతోందా అత్తా, వినపడుతోందా అత్తా అని నవ్వుతోంది."

హేరాన్ చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి.

"గీతలూ గడులూ నాకు తెలీవు. అది నీ ఉద్యోగం. కానీ నా మంచం పక్కన కూర్చుని, తప్పు నాదని నాచేత అనిపించుకుని, నా చేత్తో కమలాతొన తిన్నావే, అది..." గుమోక్ ఎడమ చేత్తో ఒక క్యాబేజీని తొట్టిలోకి తోసింది. తర్వాత మామూలుగా అడిగింది. "రేపు నిజం చెప్తే నాకొచ్చేది రాదు. అంతేగా?"

"నేనిస్తానక్కా. నా జీతంలోంచి..."

"నీ దగ్గర తీసుకోవడానికి నేను అడుక్కోవడం లేదు." కోపం లేకుండా అంది, అందుకే ఎక్కువ తగిలింది. "నీ మనసు తేలిక చేసుకోవడానికి నా నాలుగు నెలల తిండి ఖర్చు పెడతావా, పెట్టు. నన్ను మాత్రం సరే అనమనకు."

ఇద్దరూ మిగిలిన క్యాబేజీలు పూర్తిచేశారు. హేరాన్ ఉప్పు చల్లింది, గుమోక్ ఎడమ చేత్తో వాటిని తొట్టిలో పేర్చింది. వెళ్లొస్తానంటే గుమోక్ తలెత్తలేదు.

*

బోర్డు అధ్యక్షురాలు రిటైరైన డాక్టరమ్మ. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని గుక్ చెప్పేది వింటోంది. సున్నా దగ్గరికి రాగానే హేరాన్ లేచి నిలబడింది. కూర్చుని చెప్తే గొంతు రాదనిపించింది.

"ఆ సున్నా నిజం కాదండీ. ఆదివారం మా జట్టులో చెయ్యి విరిగింది. అది ప్రాక్టీసు. గిహ్వాన్ గారు అడిగితే మ్యాచని చెప్పాను. అబద్ధం చెప్పాను. ఇంకా చాలామంది అలాగే చెప్పి ఉంటారు. ప్రాక్టీసుని కూడా పథకంలో కలపాలి."

గుక్ మొహం ఎర్రబడింది. గిహ్వాన్ బల్ల మీద పెన్ను దొర్లించడం ఆపేశాడు. అధ్యక్షురాలు కళ్లజోడు తీసింది.

"ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడే కనుక్కోండి."

గిహ్వాన్ బయటికెళ్లాడు. వరండాలో అతని గొంతు గుసగుసగా వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. హేరాన్ కూర్చోలేదు. లోపలికొచ్చి అతను ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"ఇక్సాన్ కెప్టెన్ వచ్చామంటున్నారు. ఇక్కడి కెప్టెన్ కూడా మ్యాచే అన్నారు. దెబ్బ తగిలినావిడ కూడా..." అతను ఒక్క క్షణం ఆగాడు. "'మ్యాచేనయ్యా. మా హేరాన్ నా మీద పడ్డప్పట్నుంచీ మనసు బాగోలేక ఏదేదో అంటోంది, పిచ్చిపిల్ల, మీరేం పట్టించుకోకండి' అన్నారు."

ఎవరో మెల్లగా నవ్వారు. ఎగతాళిగా కాదు, జాలిగా. గుక్ ఊపిరి వదిలి, కుర్చీ లాగి, "కూర్చో హేరాన్," అన్నాడు మెత్తగా.

ఆమె కూర్చుంది. గుమోక్‌కి రావాల్సింది వస్తుంది. తను చెప్పాల్సింది చెప్పేసింది, ఎవరికీ నష్టం రాలేదు. ఒంట్లో వెచ్చగా ఏదో దిగింది, వేడి నీళ్ల తొట్టిలో కూర్చున్నట్టు. ఆ హాయి తెలిసిన మరుక్షణం ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. తెర మీద సున్నా చెక్కుచెదరలేదు.

"పథకం మార్చాలంటే మాకు ఏదో ఒకటి కనపడాలి కదమ్మా," అంది అధ్యక్షురాలు. "ప్రాక్టీసులో దెబ్బ తగిలిందని ఒప్పుకునే మనిషి ఒక్కరైనా ఉంటే మాట్లాడదాం. వచ్చే శుక్రవారం దాకా ఈ విషయం తేల్చకుండా ఉంచుతాను."

ఆఫీసు మెట్లు దిగుతుండగా గుమోక్ ఫోన్ చేసింది. "నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పావు. నేను చెప్పాల్సింది నేను చెప్పాను. కిమ్చీ డబ్బా కట్టి ఉంచాను, వచ్చి పట్టుకెళ్లు." హేరాన్ అక్కా అనబోయింది. "ఆదివారం మాత్రం నేను మైదానానికి రాను. చెయ్యి బాగయ్యాక కూడా చూస్తాను, రావాలో వద్దో," అని పెట్టేసింది.

*

శనివారం ఆమె కారులో ఇమ్‌సిల్ బయల్దేరింది.

గిహ్వాన్ చెప్పిన టేబుల్ టెన్నిస్ ఆయన, ప్యో సున్‌టెక్ ఇల్లు పల్లె చివర్న, మిరప చేలు దాటాక ఉంది. ఆయనకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. అరుగు మీద కాలు చాపుకుని, గడ్డి కోసే యంత్రం విప్పి శుభ్రం చేస్తున్నాడు. చుసొక్ పంటల పండుగ ముందు, ఊరు వదిలి వెళ్లినవాళ్ల తరఫున, కొండ మీదున్న వాళ్ల పెద్దల సమాధుల మీద గడ్డి కోసిపెట్టడం ఆయన పని. ఈ ఏడు కొండ ఎక్కలేకపోయాడని, ఆ పనంతా పక్క ఊరివాడికి పోయిందని, ఇకమీదట వాడికే ఇస్తారని, ఆయన భార్య బార్లీ నీళ్లు పెడుతూ చెప్పింది.

హేరాన్ తన ఉద్యోగం చెప్పి, తలవంచి నమస్కరించింది. "పెద్దయ్య గారూ, మీరు నిజం చెప్పారని తెలిసింది. అందరూ మ్యాచని చెప్పుకుంటుంటే మీరొక్కరే..."

"ఏం నిజం?"

"ప్రాక్టీసులో దెబ్బ తగిలిందని చెప్పారట."

"ఆఁ. ఎవరో అబ్బాయి ఫోన్ చేసి మ్యాచా అనడిగాడు. పంచాయతీ హాల్లో మేం నలుగురు ముసలాళ్లం, మాకు మ్యాచెక్కడిది? కాదన్నాను." ఆయన బ్లేడు తుడవడం ఆపాడు. "ఏం, అవునంటే వచ్చేదా?"

హేరాన్ చూపు ఆయన చేతిలో బ్లేడు మీదికి దిగింది.

"అవునంటే వచ్చేదేంటమ్మా?" ఆయన భార్య కూడా అడిగింది. గిన్నె చేత పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వచ్చేదండీ."

"మరి ఆ ముక్క నాకెవరూ చెప్పలేదే!" ప్యో గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "ముందే చెప్తే నేనూ మ్యాచనేవాణ్ణి కదా. నాకేమైనా పిచ్చా?"

దారి పొడుగునా హేరాన్ ఒక నిజాయితీపరుణ్ణి కలవబోతున్నాననుకుంది. ఆయన ముందు తలవంచితే మనసులో బరువు కొంతైనా దిగుతుందనుకుంది. ఇక్కడ ఉన్నది, చెవిలో ఊదడానికి ఒక బొంగ్‌సిమ్ లేని మనిషి. అంతే తేడా. ఆ గీత అబద్ధాలకోరుల్ని ఆపలేదు. చెప్పే దిక్కు లేనివాళ్లని మాత్రం ఏరి పక్కన పెట్టింది.

"ఆ నిబంధన రాసింది నేనేనండీ," అంది.

"నువ్వా?" ఆయన ఆమెని కింది నుంచి పైదాకా చూశాడు. "చదువుకున్న పిల్లవి. ఇప్పుడు మార్చి ఇప్పిస్తావా?"

"లేదండీ. మీకు రాదు. వచ్చే ఏడాది నుంచి మారితే మారవచ్చు."

"మరెందుకొచ్చావు?"

"శుక్రవారం మీరు మా ఆఫీసుకి వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. నేనే కారులో తీసుకెళ్లి మళ్లీ దింపుతాను."

"చెప్తే నాకేం వస్తుంది?"

"మీకేం రాదండీ."

ఆయన భార్య విసురుగా లోపలికెళ్లిపోయింది. లోపల గిన్నెలు మోగాయి. ప్యో మళ్లీ బ్లేడు తుడుస్తూ కూర్చున్నాడు. హేరాన్ లేవలేదు. లేచి పొమ్మని ఆయనా అనలేదు. ఎండ అరుగు మీంచి గోడకి ఎక్కింది.

"జొంజులో కాళ్ల డాక్టరు ఉన్నాడటగా," అన్నాడు ఆయన చివరికి. "శుక్రవారం అక్కడ కూడా చూపిస్తావా?"

*

శుక్రవారం ప్యో ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, ఊతకర్ర పట్టుకుని వచ్చాడు. గిహ్వాన్ లేచి కుర్చీ వేశాడు. గుక్ నిలబడి నమస్కరించి, ఉన్నదున్నట్టు అడిగాడు.

"పెద్దయ్య గారూ, మీకు దెబ్బ తగిలినప్పుడు ఆడుతున్నది మ్యాచా, ప్రాక్టీసా?"

"ప్రాక్టీసే," అని ప్యో గట్టిగా చెప్పి, వెంటనే తల తిప్పి హేరాన్ వైపు చూశాడు. పాఠం అప్పజెప్పి మార్కుల కోసం చూసే చూపది. గదిలో అందరూ ఆ చూపు చూశారు. గుక్ కూడా చూశాడు. హేరాన్ చెవుల దాకా వేడెక్కింది.

గుక్ ఆమెనే కాసేపు చూసి, ప్యో చాపిన కాలి వైపు చూసి, తన కాయితం మీద ప్రాక్టీసు గడిలో సున్నా కొట్టేశాడు. "ఒకటి," అన్నాడు.

వసంతం నుంచి ఒక ఏడాది పాటు ప్రాక్టీసుని కూడా కలిపి చూద్దామని, చందా కొంత పెంచుదామని అధ్యక్షురాలు తేల్చింది. చందా పెరిగితే కొన్ని జట్లు వెళ్లిపోతాయని గుక్ చెప్పాడు. హేరాన్‌కి అది తెలుసు. ఆ మాట మొదట అన్నది తనే. పోయే జట్ల పేర్లు కూడా ఆమె చెప్పగలదు. ఈసారి కాదనలేదు, అవుననలేదు.

డాక్టరు దగ్గర చూపించి, సాయంత్రం ఆయన్ని ఇంటి దగ్గర దింపింది. కారులోంచి దిగడానికి ప్యో ఆమె భుజం పట్టుకున్నాడు. నేల మీద నిలదొక్కుకున్నాక కూడా చెయ్యి తియ్యలేదు.

"సరిగ్గా చెప్పానా అమ్మాయ్?"

"మీరు జరిగిందే చెప్పారు కదండీ."

"జరిగిందేలే. అది కాదు. సరిగ్గా చెప్పానా అని."

హేరాన్ ఊతకర్ర తీసి ఆయన చేతికి అందించింది. ఆయన ఇంకా జవాబు కోసమే చూస్తున్నాడు. వాకిట్లో ఆయన భార్య వచ్చి నిలబడింది, ఆమె కూడా చూస్తోంది.